గాలి నుంచి నీటి మీదికి దిగే మురికిని ఎవరైనా కొలుస్తున్నారా?

డాబామీద_తులసి
మేము విశాఖలో రేవుకు దగ్గరగా ఉన్న ఒక వీధిలో 19 ఏళ్లుగా ఉంటున్నాము. తెల్లవారి లేచి డాబా ఊడిస్తే చీపురుకు నల్లటి పొడి అంటుకుంటుంది. తడిగుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లబడి, దానిలో సన్నటి మెరుపు కూడా కనిపిస్తుంది. తులసికోట చుట్టూ పోసిన నీళ్ల మీద సాయంత్రానికి ఒక పొర తేలుతుంది. దీని గురించి ఇంతకుముందే చాలామంది రాశారు కాబట్టి ఆ ఫిర్యాదును మళ్లీ చేయడం నా ఉద్దేశం కాదు.

నా సందేహం వేరు. మా డాబా 100 గజాలకు మించదు, దాని మీద పడినదాన్ని నేను తుడుస్తున్నాను. వీధి చివర మొదలయ్యే సముద్రం మీద పడినదాన్ని ఎవరు తుడుస్తారు? ఈ మధ్య ఒక ప్రజాభిప్రాయ సమావేశంలో ఇదే అడిగాను. అక్కడి అధికారి ఒకరు గాలి లెక్కల కాగితం చూపించి పరిమితిలోనే ఉందన్నారు, నీటి లెక్కల కాగితం చూపించి అదీ పరిమితిలోనే ఉందన్నారు. గాలి నుంచి నీటిలోకి రోజుకు ఎంత దిగుతోందో చెప్పే మూడో కాగితం ఉందా అని అడిగితే సమాధానం రాలేదు. అలాంటి లెక్క ఎక్కడైనా ఉంటుందా, లేక నేను అర్థం లేని ప్రశ్న అడిగానా?

మురుగు_ముందు
మీ బాధ అర్థమైంది. అయినా వరుస తప్పుతున్నామని నా అభిప్రాయం. మన చెరువులను, తీరాన్ని చంపుతున్నది శుద్ధి చేయకుండా వదిలే మురుగునీరు. కాలువల నుంచి వచ్చే దానితో పోలిస్తే గాలి నుంచి పడేది చిటికెడు. అంత పెద్ద సముద్రానికి ఆ చిటికెడు ఒక లెక్కా?

రసాయన_మాస్టారు
తులసి గారి ప్రశ్నకు అర్థం ఉంది. శాస్త్రంలో దానికి నిక్షేపం అని పేరు కూడా ఉంది. గాలిలోని మురికి నీటిలోకి మూడు దారుల్లో దిగుతుంది. బరువైన రేణువులు వాటంతట అవే రాలుతాయి, మీ డాబా మీద మీరు చూస్తున్నది అదే. సన్నటి రేణువులు, నీటిలో కరిగే వాయువులు వానచుక్కలకు, మంచుకు చిక్కి దిగుతాయి. పాదరసపు ఆవిరి, కొన్ని పురుగుమందుల ఆవిరి వంటివి నీటి ఉపరితలంలో నేరుగా కరుగుతాయి, ఎండ వేడికి మళ్లీ పైకి లేస్తాయి, చల్లబడితే మళ్లీ దిగుతాయి.

చెరువు విషయంలో ఒక అదనపు చిక్కు ఉంది. చెరువు ఆకాశానికి పట్టిన పళ్లెమైతే, దాని పరీవాహకం, అంటే దానిలోకి నీరు పారి వచ్చే చుట్టుపక్కల నేల, అంతకన్నా ఎన్నో రెట్లు పెద్ద పళ్లెం. గుట్టల మీద, కప్పుల మీద, రోడ్ల మీద ఎండాకాలమంతా పేరుకున్న పొడిని తొలకరి వాన ఒక్కసారిగా కడిగి చెరువులోకి తెస్తుంది. అందువల్ల గాలి వాటా చాలాసార్లు కాలువ వాటాగా నమోదవుతుంది. మురుగు_ముందు గారు చిటికెడు అన్నదానిలో కొంత భాగం ఇలా దారి మారి, పేరు మారి ఆయన లెక్కలోనే కలిసిపోయి ఉంటుంది.

ఇంకొక మాట. నీటి ఉపరితలాన మిల్లీమీటరుకన్నా పలచని పొర ఒకటి ఉంటుంది. నూనెలు, లోహాలు, మసి అడుగుకు చేరకముందు అక్కడ చిక్కబడతాయి. చేపల గుడ్లలో, లార్వాలలో చాలా రకాలు తేలేది సరిగ్గా ఆ పొరలోనే. సముద్రం పెద్దదే, కాని ఆ పొర లోతు పెద్దది కాదు.

జట్టీ_కబురు
మాస్టారు చెప్పిన ఆ పొర మాకు కంటికి కనిపిస్తుంది. గాలి ఆడని తెల్లవారుజామున జట్టీ దగ్గర నీటి మీద సన్నగా, మసక అద్దంలా ఉంటుంది, పడవ ముందుకు సాగితే రెండుగా చీలుతుంది. మా తాతల కాలంలో తెరచాప తెప్పలు రాత్రి చివరి జాములో నేలగాలి పట్టుకొని లోపలికి వెళ్లేవి, మధ్యాహ్నం సముద్రపు గాలికి తిరిగి వచ్చేవి. తెప్పను తీసుకుపోయిన నేలగాలి ఊళ్లోని పొగను, పొడిని మాత్రం తీసుకుపోకుండా ఉంటుందా? పగలు మీ డాబాల మీద పడుతుంది, రాత్రి మా వలల మీద పడుతుంది.

మురుగు_ముందు
జట్టీ గారు, ఆ పొరలో పడవల డీజిల్ వాటా ఎంతో కూడా చూడాలి కదా. నేను మొండికేయడం లేదు, ఆధారం అడుగుతున్నాను. ఒక్క మురుగుకాలువ కూడా కలవకుండా, కేవలం గాలి వల్ల పాడైన నీటివనరు ఒకటి మన దేశంలో చూపించండి, నా మాట మార్చుకుంటాను.

కూకట్‌పల్లి_చదువరి
కొడైకెనాల్. అక్కడి కథ మన దగ్గర తక్కువమందికి తెలుసు, అయితే దాన్ని లెక్కకట్టిన ప్రయోగశాల మన హైదరాబాదులోనే ఉంది.

కొడైకెనాల్లో 1980ల మొదటి సగంలో మొదలైన ఒక థర్మామీటర్ల కర్మాగారం 2001లో మూతపడింది. పగిలిన గాజు, పాదరసం కలిసిన వ్యర్థాల వల్ల అక్కడి కార్మికులకు, పాంబార్ షోలా అడవికి జరిగిన హాని వార్తల్లోకి వచ్చింది. అది నేల మీది కథ, గాలి కథ వేరు. పాదరసం గది వేడికే ఆవిరవుతుంది కాబట్టి కర్మాగారపు గాలిలోనూ, దాని బయటి గాలిలోనూ అది ఉండేది. భాభా అణు పరిశోధన కేంద్రానికి చెందిన, హైదరాబాదులోని పదార్థ విశ్లేషణ కేంద్రం శాస్త్రవేత్తలు ముందుగా చెట్ల మీది నాచును, లైకెన్లను పరీక్షించారు. వాటికి నేలలో పాతుకున్న వేళ్లు ఉండవు, కావలసినదాన్ని గాలి నుంచి, వాన నుంచి తీసుకుంటాయి కనుక గాలిలో ఏముందో అవి దాచిపెట్టలేవు. తరువాత సరస్సు నీటిని, అడుగు మట్టిని, చేపలను పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించారు. కొడై సరస్సు నీటిలో మొత్తం పాదరసం లీటరుకు 356 నుంచి 465 నానోగ్రాములు ఉంది. దూరంగా ఉన్న బేరిజం, కుక్కల్ సరస్సులలో అంతకన్నా చాలా తక్కువగా ఉంది. అడుగు మట్టిలోనూ కొడై తరువాత బేరిజం, ఆ తరువాత కుక్కల్, ఇదే వరుసలో తగ్గుతూ వచ్చింది. సరస్సు కలుషితం కావడానికి కర్మాగారం నుంచి వెలువడిన పాదరసమే కారణమని వారు తేల్చారు.

సరస్సులోకి పైపు వేసి ఎవరూ పాదరసం వదలలేదు. దాన్ని అక్కడికి మోసుకెళ్లినది గాలి.

మురుగు_ముందు
ఇది నాకు తెలియదు. నాచును సాక్షిగా పెట్టడం బాగుంది. అయినా అది ఒక కర్మాగారం, ఒక లోహం, ఒక కొండ ఊరు. దాన్ని తెచ్చి ప్రతి చెరువుకూ అంటగట్టలేము.

పదివేల_సరస్సులు
నేను 14 ఏళ్లుగా అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో ఉంటున్నాను, మా ఊరు పిఠాపురం దగ్గర. ఇక్కడి కార్ల నంబరు పలకల మీద పదివేల సరస్సులు అని రాసి ఉంటుంది, నా పేరు కూడా అక్కడి నుంచి వచ్చినదే. ఉత్తరాన అడవుల మధ్య ఉన్న సరస్సుల దగ్గరికి వెళితే ఊరు ఉండదు, కాలువ ఉండదు, కర్మాగారం అసలే ఉండదు, నీళ్లు అడుగు కనిపించేంత తేటగా ఉంటాయి. అయినా ఆ సరస్సుల చేపలను గర్భిణులు, పిల్లలు ఎన్ని రోజులకు ఒకసారి తినవచ్చో ప్రభుత్వం సరస్సువారీగా, చేపవారీగా సూచనలు ఇస్తుంది. కారణం పాదరసం. అది దాదాపు పూర్తిగా గాలి నుంచి పడినదే, అందులోనూ 90 శాతం వరకు రాష్ట్రం వెలుపలి నుంచి వచ్చినది. అందుకే ఒక్కొక్క సరస్సుకు విడిగా ప్రణాళిక వేయడంలో అర్థం లేదని గుర్తించి, 2007లో రాష్ట్రం మొత్తానికి ఒకే పాదరసం తగ్గింపు ప్రణాళిక ఆమోదించారు. ఒక్క కర్మాగారం అన్న మాటకు ఇది నా సమాధానం.

మా మామగారు మొదటిసారి వచ్చినప్పుడు వాలై అనే చేప పట్టుకొని ఎంతో సంతోషించారు. ఆ సూచనల పుస్తకం చదివి వినిపిస్తే, ఇంత తేట నీళ్లకు ఈ గతి ఏమిటని చాలాసేపు ఒడ్డున అలాగే కూర్చుండిపోయారు.

పత్తిచేను
మాది ఆదిలాబాద్ జిల్లా. పాదరసం సంగతి అలా ఉంచండి. మేము పత్తికి కొట్టే మందు కూడా ఇలాగే గాలిలో పోయి ఎక్కడో నీళ్లలో పడుతుందా? ఎండలో కొట్టినప్పుడు సగం ఆవిరైపోతోందని మా నాన్న అంటూ ఉంటారు.

పదివేల_సరస్సులు
పత్తిచేను గారు, మీ నాన్నగారి మాటకు ఒక సరస్సు సాక్ష్యం ఉంది. సుపీరియర్ సరస్సు మధ్యలో ఐల్ రాయల్ అనే దీవి ఉంది, ఆ దీవి లోపల సిస్కివిట్ అనే చిన్న సరస్సు ఉంది. దాని నీటిమట్టం సుపీరియర్ కన్నా ఎత్తులో ఉంటుంది కాబట్టి పెద్ద సరస్సు నీరు అందులోకి ఎక్కలేదు. చుట్టూ అడవి, సాగు లేదు. అయినా దాని చేపల్లో టాక్సాఫీన్ కనిపించింది. అది అమెరికా దక్షిణ రాష్ట్రాల పత్తి చేలల్లో విస్తారంగా కొట్టిన మందు. ఆకాశం తప్ప దానికి అక్కడికి వేరే దారి లేదు. వేడి నేలల నుంచి ఆవిరై లేచినది చల్లటి నేలల్లో దిగుతుంది.

పత్తిచేను
పత్తి చేను నుంచి సరస్సు దాకా అంత దూరమా! ఇది మా సంఘం సమావేశంలో చెబుతాను. సాయంత్రం చల్లబడ్డాక కొట్టమని చెప్పేది పురుగు కోసం, తేనెటీగల కోసం అనుకున్నాము, నీళ్ల కోసం కూడా అని ఎవరూ చెప్పలేదు.

రసాయన_మాస్టారు
పాదరసం గురించి ఒక ముఖ్యమైన మెలిక చెప్పాలి. గాలి నుంచి పడే పాదరసం పడినట్టే ఉంటే చేపలో అంతగా పేరుకోదు. బురదలో, ఆక్సిజన్ అందని చోట, సల్ఫేటుతో బతికే ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. నీటిలో తేలే సూక్ష్మ జీవాలైన ప్లవకాల నుంచి చిన్న చేపకు, చిన్న చేప నుంచి పెద్ద చేపకు ఎక్కుతూ ఎక్కుతూ చిక్కబడేది ఈ రూపమే. ఇప్పుడు బొగ్గు పొగగొట్టాన్ని తలచుకోండి. పాదరసమూ, గంధకమూ అందులోంచే వస్తాయి. గంధకం నీటిలో సల్ఫేటై ఆ సూక్ష్మజీవులకు మేతవుతుంది. విషాన్నీ, విషాన్ని పదునుపెట్టే సరంజామానూ ఒకే పొగగొట్టం పంపుతోంది.

కెనడాలోని ఒంటారియోలో దీని మీద జరిగిన ప్రయోగం గురించి చదివిన రోజు నేను రాత్రంతా దాని గురించే ఆలోచించాను. ప్రయోగాల కోసమే కేటాయించిన సరస్సులలో ఒకదానికి, 658 అనే నంబరు ఉన్నదానికి, గుర్తుపట్టడానికి వీలైన పాదరసపు ఐసోటోపులను, అంటే అణువు బరువులో మాత్రమే తేడా ఉండే పాదరసపు రకాలను, ఏడేళ్లపాటు కావాలనే కలిపారు. తరువాత ఆపేసి ఎనిమిదేళ్లు గమనించారు. 2021లో వచ్చిన ఫలితం ఏమిటంటే, కలపడం ఆపిన తరువాత వేట చేప అయిన పైక్‌లో మిథైల్ పాదరసం 76 శాతం, వైట్‌ఫిష్ అనే చేపలో 38 శాతం తగ్గింది. సరస్సు తనంతట తాను కోలుకోవడానికి సిద్ధంగా ఉంది, పైనుంచి పోయడం మనం ఆపాలి.

ఓడ_ఇంజన్_గది
పొగగొట్టం మాట వచ్చింది కనుక సముద్రం మీది పొగగొట్టాల గురించి కూడా చెబుతాను, నేను సరుకు ఓడల్లో పనిచేస్తాను. ఓడ ఇంధనంలో గంధకం 3.5 శాతం వరకు ఉండవచ్చన్న నిబంధనను 2020 జనవరి 1 నుంచి 0.5 శాతానికి తగ్గించారు. ఇది నిజంగా మంచి మార్పు. అయితే నిబంధనలో ఒక మినహాయింపు దారి ఉంది. పొగను కడిగే స్క్రబ్బర్ బిగించుకుంటే పాత చవక ఇంధనమే వాడుకోవచ్చు. వాటిలో ఎక్కువ రకం సముద్రపు నీటితోనే పొగను కడిగి, ఆ పుల్లటి నీటిని, దానితోపాటు మసిని, లోహాలను తిరిగి సముద్రంలోకే వదులుతాయి. గాలి లెక్కలో ఓడ శుభ్రపడుతుంది. తులసి గారు అడిగిన మూడో కాగితం ఉంటే తప్ప ఆ మురికి ఎక్కడికి మారిందో తెలియదు.

డాబామీద_తులసి
ఇంజన్ గది గారు చెప్పినది చదివి మనసు కలత చెందింది. గాలిని శుభ్రం చేయడమంటే నీటిలోకి తోయడం అనుకుంటే ఇక శుభ్రం చేసింది ఏముంది?

తీరపు_పరిశోధన
నేను సముద్ర రసాయనశాస్త్రంలో పరిశోధన విద్యార్థిని. బంగాళాఖాతం గురించి ఇప్పటివరకు ఎవరూ రాయలేదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. గంగా మైదానంలోని బొగ్గు విద్యుత్ కేంద్రాలు, ఇటుక బట్టీలు, పొలాల మంటలు, పొయ్యిలు, వాహనాలు కలిసి పుట్టించిన పొగమబ్బు ఆ నెలల్లో బంగాళాఖాతం మీదికి దిగివస్తుంది. 1999లో హిందూ మహాసముద్రం మీద జరిగిన ఇండోఎక్స్ ప్రయోగంలోనూ, తరువాత 2006లోనూ 2008-09 శీతాకాలంలోనూ మన శాస్త్రవేత్తలు ఓడల మీద చేసిన పరిశీలనల్లోనూ దీన్ని కొలిచారు.

మన సముద్రానికి ఒక ప్రత్యేకత ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ వంటి నదులు తెచ్చే మంచినీరు తేలికగా ఉండి ఉప్పునీటి మీద మూతలా పరుచుకుంటుంది. అడుగున ఉన్న పోషకాలు ఆ మూతను చీల్చుకొని పైకి రావడం కష్టం. పైపొర ఆకలితో ఉంటుంది. అలాంటి చోట గాలి నుంచి రాలే నత్రజని చిటికెడైనా చిటికెడుగా మిగలదు. విశాఖ తీరంలో గాలి ధూళిని సేకరించి సముద్రపు నీటిలో కలిపి చూసిన ప్రయోగాల్లో వృక్ష ప్లవకాలు పెరిగాయి. ప్రపంచ సముద్రాలన్నిటినీ కలిపి చూసిన 2008 నాటి ఒక అంచనా ప్రకారం, బయటి నుంచి సముద్రానికి అందే నత్రజనిలో మూడో వంతు వరకు మనిషి గాలిలోకి వదిలినదే.

ఇక ఆమ్లత్వం. విశాఖలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం శాస్త్రవేత్తలు 1990ల తొలినాటి కొలతలను రెండు దశాబ్దాల తరువాతి కొలతలతో పోల్చి చూశారు. తీరపు బంగాళాఖాతం వాయవ్య భాగంలో పీహెచ్ తగ్గుదల, అంటే నీరు పుల్లబడటం, ప్రపంచ సముద్రాల సగటు కన్నా వేగంగా ఉంది. కార్బన్ డై ఆక్సైడు ఒక్కటే దీన్ని వివరించలేదని, నేల నుంచి వచ్చి పడే సల్ఫేటు, నత్రజని రేణువులకు ఇందులో పాత్ర ఉందని 2015లో రాశారు. కాబట్టి తులసి గారు, కొలిచేవారు లేరని అనుకోకండి. మీ వీధి చివరి సముద్రం మీదే ఆ పని జరిగింది. అది పరిశోధన పత్రాల్లో ఉంది, మీకు చూపించిన కాగితాల్లోకి ఇంకా రాలేదు.

కొల్లేటి_గట్టు
ప్లవకాలు పెరిగితే చేపలకు మేత పెరిగినట్టే కదా? మా చెరువుల్లో ప్లవకాలు పెరగాలని మేమే ఎరువు చల్లుతాము. పరిశోధన గారు దాన్ని చెడ్డగా చెబుతున్నారా, మంచిగా చెబుతున్నారా?

తీరపు_పరిశోధన
గట్టు గారు, మంచి ప్రశ్న. చెరువులో మీరు ఎంత చల్లాలో చూసి చల్లుతారు, మబ్బు పట్టిన రోజున ఆపుతారు, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు తిప్పుతారు. సముద్రానికి ఆ కాపలా ఎవరూ లేరు. ప్లవకాలు చచ్చి అడుగుకు రాలి కుళ్లేటప్పుడు ఆక్సిజన్‌ను తింటాయి. బంగాళాఖాతంలో నడిలోతు నీళ్లలో ఆక్సిజన్ ఇప్పటికే చాలా తక్కువ. పైగా గాలి ఎరువుతో పాటు సీసం, రాగి వంటివి కూడా దిగుతాయి. కొన్ని రకాల ప్లవకాలను రాగి చంపుతుంది. ఏ రకం బతుకుతుంది, ఏ రకం పోతుంది అన్నది మన చేతిలో ఉండదు.

కొల్లేటి_గట్టు
ఏరియేటర్ల పోలికతో నాకు పూర్తిగా అర్థమైంది. మా కొల్లేరు మాట కూడా నిజాయితీగా చెబుతాను. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కిన సరస్సు ఇది. దీనికి జరిగిన హానిలో మా చేపల చెరువుల వ్యర్థ జలాలు, పట్టణాల మురుగు ముందు వరుసలో ఉన్నాయి. అది ఒప్పుకోకుండా ఆకాశం మీదికి నెట్టడం న్యాయం కాదు, ఈ విషయంలో మురుగు_ముందు గారితో నేను ఏకీభవిస్తాను. అయితే ఎరువుల నుంచి, కోళ్ల ఫారాల నుంచి అమ్మోనియా లేస్తుందని మా అందరికీ ముక్కుకు తెలుసు. లేచినది ఎక్కడో దిగాలి కదా.

రసాయన_మాస్టారు
దిగుతుంది, అదీ చాలావరకు దగ్గరలోనే. అమ్మోనియా కూడా నత్రజని రూపమే. అమెరికాలో చెసపీక్ అనే పెద్ద అఖాతం విషయంలో ఈ లెక్కను దశాబ్దాలుగా వేస్తున్నారు. ఆ అఖాతానికి నీరు తెచ్చే నేల 64,000 చదరపు మైళ్లు, దానికి గాలి మురికిని తెచ్చే ఆకాశపు పరీవాహకం 5,70,000 చదరపు మైళ్లు. అఖాతానికి చేరే నత్రజనిలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా గాలి నుంచి వచ్చేదే అని తేలడంతో, కాలువల మీద పెట్టిన పరిమితితోపాటు గాలి వాటాకూ ఒక అంకె వేశారు. తులసి గారు అడిగిన మూడో కాగితం అక్కడ ఉంది.

రామగుండం_పొద్దు
మా దగ్గర బొగ్గు విద్యుత్ కేంద్రం బూడిద సంగతి వేరే చెప్పాలా? ఎండాకాలం సుడిగాలి లేస్తే బూడిద గుట్టల మీద నుంచి తెల్లటి తెర లేచి చెరువు మీద వాలుతుంది. గేదెలు నీళ్లలోకి దిగితే వీపు మీద గీత పడుతుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నాము, దానికి నిక్షేపం అనే పేరు ఉందని ఈ రోజే తెలిసింది.

ఆరో_తరగతి_పాఠం
పిల్లలకు ఆమ్ల వర్షం పాఠం చెబుతుంటాను. పుస్తకంలో స్వీడన్, నార్వే సరస్సుల బొమ్మలే ఉంటాయి. ఇంత బొగ్గు కాల్చే మన దేశంలో చేపలు లేని సరస్సుల మాట ఎందుకు వినపడదని ఒక అమ్మాయి అడిగింది. సమాధానం చెప్పలేకపోయాను.

కూకట్‌పల్లి_చదువరి
ఆ అమ్మాయికి మన ధూళి గురించి చెప్పండి. మన గాలిలో సున్నపు గుణం ఉన్న నేల ధూళి ఎక్కువ, అది ఆమ్లాన్ని చాలావరకు గాలిలోనే విరిచేస్తుంది. స్కాండినేవియాలో గట్టి రాతి మీద పలచటి మట్టి, విరిచే సున్నం లేదు. అక్కడ పడిన ఆమ్లం మట్టిలోని అల్యూమినియాన్ని కరిగించి సరస్సులోకి తెచ్చింది, అది చేపల మొప్పలను దెబ్బతీసింది. ఆ గంధకంలో అధికభాగం బ్రిటన్ నుంచి, మధ్య ఐరోపా నుంచి వచ్చినదని స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటె ఓడెన్ 1967లో ఒక దినపత్రికలో రాసినప్పుడు పెద్ద దుమారం లేచింది. 1979లో జెనీవాలో దేశాల మధ్య ఒప్పందం కుదిరింది, గంధకం తగ్గింది, సరస్సులు నెమ్మదిగా కోలుకుంటున్నాయి. స్వీడన్ మాత్రం ఇప్పటికీ కొన్ని సరస్సులలో సున్నం చల్లుతూనే ఉంది.

మన ధూళి ఎప్పటికీ కాపాడుతుందని అనుకోకూడదు. రోడ్లు వేసి, మట్టిని కప్పి ధూళిని తగ్గిస్తూ, బొగ్గు పొగను అలాగే ఉంచితే వాన మెల్లగా పుల్లబడుతుంది. వాననీటి రసాయన లక్షణాలను భారత వాతావరణ శాఖ దేశంలో 10 కేంద్రాల్లో దశాబ్దాలుగా పరీక్షిస్తోంది. వాటిలో విశాఖపట్నం ఒకటి, కొడైకెనాల్ ఒకటి. ఈ చర్చలో వచ్చిన రెండు ఊళ్లూ అందులో ఉండటం నాకు ఆశ్చర్యంగా అనిపించింది.

ఆరో_తరగతి_పాఠం
రేపే చెబుతాను. ఆ అమ్మాయి పేరుతో పాటు ఈ సమాధానాన్ని తరగతి గోడ పత్రికలో పెడతాను.

మురుగు_ముందు
మాట ఇచ్చాను కాబట్టి మార్చుకుంటున్నాను. గాలి వాటా చిటికెడు అన్నది తప్పు. ఎక్కడ ఎంత అన్నది చోటును బట్టి ఉంటుందని అనాలి. కొల్లేరులో, హైదరాబాదు చెరువుల్లో మురుగే ముందు. మనుషులు లేని కొండ సరస్సులో గాలే ముందు. విశాఖ తీరంలో రెండూ. అయితే ఒకటి అడుగుతాను. విద్యుత్ కేంద్రాల గంధకానికి, పాదరసానికి 2015 డిసెంబరులోనే ప్రమాణాలు వచ్చాయి కదా, అవి ఏమయ్యాయి?

కూకట్‌పల్లి_చదువరి
గంధకాన్ని పట్టే యంత్రాల గడువు పలుమార్లు వాయిదా పడింది. 2025 జులైలో అత్యధిక కేంద్రాలకు ఆ యంత్రాల నుంచి మినహాయింపు ఇచ్చారు. జనం పీల్చే గాలిలో గంధకం పరిమితి లోపలే ఉందన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. నాకు బాధ కలిగించేది ఇక్కడే. గాలిలో తేలుతున్నంతసేపే దాన్ని లెక్కించారు, కిందికి దిగిన తరువాత అది నీటికి, మట్టికి ఏం చేస్తుందన్నది ఆ లెక్కలో కనిపించదు. నీటి చట్టం 1974లో వచ్చింది, గాలి చట్టం 1981లో వచ్చింది, రెండింటినీ అమలు చేసేది ఒకే కాలుష్య నియంత్రణ మండలి. అయినా రెండింటి మధ్య ఉన్న సందులోంచి మురికి జారిపోతోంది.

అమ్మచేతి_పులుసు
ఇదంతా చదివాక భయం వేస్తోంది. మా అమ్మాయికి అయిదో నెల. చేపలు పెట్టాలా వద్దా?

రసాయన_మాస్టారు
అమ్మా, మానవద్దు. పాదరసం పేరుకునేది ఎక్కువకాలం బతికి, వేరే చేపలను వేటాడి తినే పెద్ద చేపల్లో. గర్భిణులు సొర వంటి పెద్ద వేట చేపలకు దూరంగా ఉండటం మంచిది. నెత్తళ్లు, కవ్వలు, కానాగంతలు చిన్నవి, తక్కువకాలం బతికేవి, బిడ్డ మెదడుకు కావలసిన కొవ్వు వాటిలో ఉంటుంది. మీ డాక్టరును ఒకసారి అడిగి నిశ్చింతగా పెట్టండి.

జట్టీ_కబురు
మా ఇళ్లలో బాలింతలకు పాలసొర పెట్టడం ఆనవాయితీ, పాలు పడతాయని అంటారు. మాస్టారి మాట విన్నాక మా ఆవిడతో మాట్లాడాలి. నెత్తళ్ల పులుసు రుచిలో దేనికీ తీసిపోదు.

ఆరో_తరగతి_పాఠం
తులసి గారు, మూడో కాగితం కోసం ఎదురుచూడకుండా మనమే మొదలుపెట్టవచ్చు. రాలే ధూళిని కొలిచే పాత పద్ధతి ఒకటి ఉంది. వెడల్పు మూతి ఉన్న పాత్రలో శుభ్రమైన నీళ్లు పోసి, పక్షులు వాలకుండా చుట్టూ వలయం పెట్టి, చెట్టు కొమ్మలు లేని ఎత్తయిన చోట 30 రోజులు ఉంచుతారు. తరువాత ముందే తూచిన వడపోత కాగితంతో వడగట్టి, ఆరబెట్టి, మళ్లీ తూచి, పాత్ర మూతి వైశాల్యంతో భాగిస్తారు. చెరువైనా సముద్రమైనా అలాంటి మూతి తెరిచిన పాత్రే కదా. మా బడి డాబా మీద పిల్లలతో ఒకటి పెట్టిస్తాను, మా ఊరు చోడవరం వైపు, మీకు పోలికకు పనికివస్తుంది.

డాబామీద_తులసి
పెట్టాము. మధ్యలో ఒక రోజు కాకి తన్నేస్తే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాము, అందుకే రాయడం ఆలస్యమైంది. 30 రోజులు నిన్నటితో పూర్తయ్యాయి. కాగితం మీద బొట్టు పెట్టినంత నలుపు గుండ్రంగా నిలిచింది. మా అబ్బాయి కాగితం అడుగున అయస్కాంతం జరిపితే ఆ నలుపులో కొంత భాగం దానితోపాటు కదిలింది. అంటే అది మసి ఒక్కటే కాదు, ఇనుము కూడా ఉంది. మా ఇంటి తక్కెడ అంత సన్నటి బరువు చూపించదు, పరిశోధన గారు తమ విభాగంలో తూచి ఇస్తామన్నారు. చోడవరం కాగితం కూడా వచ్చింది, అది మట్టి రంగులో ఉంది, అయస్కాంతానికి కదలలేదు.

ఈ రెండూ నేల మీద పెట్టినవే. నేను మొదట అడిగినది నీటి సంగతి. మూడో పాత్రను నీటి మీద ఎక్కడ పెట్టగలమో జట్టీ గారు చెబుతారా?

జట్టీ_కబురు
మా బావమరిది మరపడవ ఇంజను చెడి నెల రోజులుగా జట్టీకి కట్టి ఉంది. దాని కప్పు మీద పెడితే డీజిల్ పొగ గొడవ కూడా ఉండదు, మురుగు_ముందు గారి అభ్యంతరం తీరుతుంది. అలలకు ఒలకకుండా పాత్రను తాళ్లతో ఎలా వేలాడదీయాలో నాకు తెలుసు. ఆదివారం పొద్దున్నే పాత్ర తీసుకురండి, నేను అక్కడే ఉంటాను.